హైవే మీద బోణీ లేని నెలలు

2020 మార్చి చివర, కరోనా లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, హైదరాబాద్ నుంచి హైవే మీద వచ్చినవాళ్లు ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన సంగతి అందరికీ గుర్తుంది. ఆ రోడ్డునే నమ్ముకున్న జగ్గయ్యపేట, నందిగామ హోటళ్ల సర్వర్లు ఎవరికి గుర్తున్నారు? జూన్ 8 దాకా గుళ్లలో దర్శనాలు లేవు. వేదాద్రిలో, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి ముందు కొబ్బరికాయలమ్మేవాళ్లకు బోణీ లేదు. ఆటోవాలాలకు వాహనమిత్ర పథకం కింద 10,000 రూపాయలు అందాయి, మంచిదే. తోపుడుబండ్ల వాళ్లకు ఆ ఏడాది జగనన్న తోడు రుణ పథకం వచ్చింది. వడ్డీ లేకపోయినా అప్పు అప్పే కదా! కరోనా వల్ల జపాన్‌లోని యొకొహామాలో నిలిచిపోయిన డైమండ్ ప్రిన్సెస్ ఓడ సిబ్బందికి కనీసం ఒక జాబితా ఉంది. దాబాలో గిన్నెలు కడిగే మనిషి పేరు ఏ మస్టరులో ఉంది? అసంఘటిత కార్మికుల కోసం ఇ-శ్రమ్ నమోదు 2021 ఆగస్టులో గానీ రాలేదు. ఆ నమోదును అధికారులు దాబాల దగ్గరికే, గుడి అంగళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి. అదీ జబ్బు లేని ఈ రోజుల్లోనే.