మైత్రీ రైలు మళ్లీ కదిలేనా?

వైద్యం కోసం వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రికి వెళ్లివచ్చిన మన సంఘస్థులకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఆ చుట్టుపక్కల వీధుల్లో బెంగాలీ బోర్డులు కనిపిస్తాయి. అక్కడికి పశ్చిమ బెంగాల్ వారితోపాటు బంగ్లాదేశ్ రోగులు కూడా ఎందరో వస్తారు. ఢాకా నుండి కోల్‌కతా చేరి, హౌరాలో రైలెక్కి, మన విశాఖపట్నం, విజయవాడల మీదుగా కాట్పాడిలో దిగడం వారికి అలవాటైన దారి. ఆ దారికి మొదటి మెట్టయిన ఢాకా–కోల్‌కతా మైత్రీ ఎక్స్‌ప్రెస్ 2024 జూలైలో ఆగింది. ఏడాది దాటినా కదలలేదు.

ఈ రైలు చరిత్రే మనకొక పాఠం. 1965 యుద్ధంతో రెండు బెంగాల్‌ల మధ్య ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. 1971లో బంగ్లాదేశ్ ఏర్పడినా అవి తిరిగి రాలేదు. 43 ఏళ్ల తరువాత, 2008 ఏప్రిల్ 14న, బెంగాలీ సంవత్సరాది నాడు మైత్రీ బయలుదేరింది. 2017లో ఖుల్నాకు బంధన్, 2022లో న్యూ జల్‌పాయిగురి నుండి ఢాకాకు మితాలీ తోడయ్యాయి. 2020లో కరోనాతో ఆగిన మైత్రీ 2022 మే నెలలో మళ్లీ నడిచింది. వ్యాధి ఆపిన రైలు రెండేళ్లకు తిరిగొచ్చింది. వైరం ఆపిన రైలుకు నాలుగు దశాబ్దాలు పట్టింది. ఇప్పటి ఆటంకం ఈ రెండింటిలో దేనివంటిదో తేలవలసి ఉంది.

ఢాకాలో విద్యార్థుల ఆందోళన ముదిరినప్పుడు మూడు రైళ్లూ ఆగాయి. ఆగస్టు 5న షేక్ హసీనా పదవి వదిలి మన దేశానికి వచ్చారు. ఆమెను అప్పగించమని ఢాకా కోరింది. భారత్ వీసాలను బాగా తగ్గించింది. సరిహద్దు వ్యాపారంపై ఇరువైపులా ఆంక్షలు పెరిగాయి.

పట్టాలు ఉన్నాయి, స్టేషన్లు ఉన్నాయి. ఒకప్పుడు గెదె, దర్శనాలలో ప్రయాణికులు సామానుతో దిగి తనిఖీలకు గంటల తరబడి నిలబడేవారు. 2017 చివర ఆ తనిఖీలను కోల్‌కతా, ఢాకా స్టేషన్లకే మార్చారు. నిలబడలేని రోగికి అది ఎంత మేలో చెప్పనక్కరలేదు. కాబట్టి కొరత రైల్వేలో లేదు, వీసాలో ఉంది. వీసాలు లేకుండా రైలు వేస్తే అది ఖాళీగానే నడుస్తుంది. 2026 ఫిబ్రవరిలో ఎన్నికలు జరుపుతామని ఢాకా ప్రభుత్వం 2025లో చెప్పింది.  వైద్య వీసాలు పెంచి, మైత్రీని వారానికి ఒక్కరోజైనా నడిపి చూడడం రెండు ప్రభుత్వాలకూ సాధ్యమే.

బంగ్లాదేశ్‌లో హిందువులు, క్రైస్తవులు, బౌద్ధుల క్షేమం గురించి మన దేశంలో ఉన్న ఆందోళన న్యాయమైనదే. భద్రతను తేలికగా తీసుకోమని మేము అనము. అయితే ఆ అల్పసంఖ్యాకులకే సరిహద్దుకు ఇవతల చుట్టాలున్నారు. రైలు ఆగితే వారి రాకపోకలే ముందు కష్టమవుతాయి. పాలకుల మధ్య కోపం మందుచీటీ పట్టుకున్నవాని మీద పడడం న్యాయం కాదు.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని మోసుకొచ్చిన నలుగురు, గుమ్మం దగ్గర జనం నిండి ఉన్నారని వెనుదిరగలేదు. ఇంటి కప్పు విప్పి అతనిని ప్రభువు ముందు దించారు. వారు అతని జబ్బునే చూశారు, దారి ఎలా దొరుకుతుందని వెదికారు. రోగికి దారి వెదకడం సంఘానికి ప్రభువు మెచ్చిన పని. ఈ ఆదివారం ప్రార్థనలో రెండు దేశాల అధికారులను, సరిహద్దుకు అవతల వీసా కోసం ఎదురుచూస్తున్న రోగులను జ్ఞాపకం చేసుకుందాము. వేలూరులోనో, రైలు పెట్టెలోనో భాష తెలియని బంగ్లా కుటుంబం ఎదురైతే, వారికి చేయి అందించడానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కరలేదు.