ఇంటింటి ఆరోగ్యం: సైకిలు తొక్కేవారి చేతుల తిమ్మిరి



యాడికి ప్రాంతం నుండి ఒక యౌవన సహోదరుడు ఇలా అడుగుతున్నారు: "రోజూ తెల్లవారుజామున తాడిపత్రి రోడ్డు మీద ముప్పై, నలభై కిలోమీటర్లు సైకిలు తొక్కుతాను. గంట దాటేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారిపోతున్నాయి. మంచి గ్లౌజులు కొంటే తగ్గుతుందా? ఎలాంటివి కొనాలి?"

ఈ ప్రశ్న వ్యాయామం కోసం తొక్కేవారిది మాత్రమే కాదు. పాలక్యానులు తగిలించుకొని ఊరూరా తిరిగేవారు, నేసిన చీరలు క్యారియరుకు కట్టుకొని వెళ్ళే మగ్గంవారు, నీళ్ళ కరువులో హ్యాండిలుకు చెరొక బిందె వేలాడదీసి తోలుకొచ్చేవారు, బడికి వెళ్ళే ఆడపిల్లలు, వీరందరికీ ఇది తెలిసిన బాధే. కాబట్టి ఈ నెల దీని గూర్చి కాస్త వివరంగా తెలుసుకొందాం. ముందుగా ఒక మాట. గ్లౌజులు మేలు చేస్తాయి గాని, అవి చివర చేయవలసిన పని. మొదట సరిచేయవలసింది సైకిలును, కూర్చునే తీరును. సైకిలు దిగిన తరువాత కూడా పోని తిమ్మిరిని ఏ గ్లౌజులూ బాగుచేయవు.

తిమ్మిరి ఎందుకు వస్తుంది?

మోచేయి గోడకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది కదా? అక్కడ దెబ్బ తగిలింది ఎముకకు కాదు, అల్నార్ అనే నరానికి. ఈ నరం మోచేతి వెనుక నుండి దిగి, చిటికెన వేలి వైపున మణికట్టు దాటి అరచేతిలోకి వస్తుంది. అక్కడ రెండు చిన్న ఎముకల మధ్యనున్న ఇరుకు దారిలో నుండి పోతుంది. ఫ్రెంచి శస్త్రవైద్యుడు గయాన్ 1861లో ఈ దారిని వర్ణించాడు గనుక దానికి ఆయన పేరే ఉన్నది. హ్యాండిలు మీద అరచేయి ఆనించినప్పుడు మన బరువు సరిగ్గా ఆ దారి మీదనే పడుతుంది. నరం నలుగుతుంది. చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలిలో సగం మొద్దుబారుతాయి.

బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కితే అది వేరొక నరం. దాని పేరు మీడియన్. అది మణికట్టు మధ్యలో నుండి వస్తుంది. మణికట్టును వెనుకకు వంచి హ్యాండిలు నొక్కేవారికి ఈ నరం నలుగుతుంది. కాబట్టి ఏ వేళ్ళు మొద్దుబారుతున్నాయో గమనించండి. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇది అరుదైన బాధ కాదు. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, నాలుగు రోజులలో 600 కిలోమీటర్లు తొక్కిన 25 మందిని పరీక్షించగా వారిలో 23 మందికి చేతులలో తిమ్మిరో, పట్టు తగ్గడమో, లేక ఆ రెండూనో కనిపించాయి. అలవాటు ఉన్నవారికి సైతం ఇది తప్పలేదు.

మొదట సైకిలును సరిచేయండి

సీటు: సీటు ముక్కు కిందికి వంగి ఉంటే శరీరం ముందుకు జారుతూ ఉంటుంది. ఆ జారుడును ఆపేది చేతులే. సీటు మీద ఒక చెక్క పెట్టి, అది నేలకు సమంగా ఉందో లేదో చూడండి. ఎత్తు తెలుసుకోవడానికి, పెడలు అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా సాగాలి. నడుము పక్కకు వాలకూడదు. ఎత్తు అంతకు మించితే తుంటి ఊగుతుంది, ఆ బరువూ చేతుల మీదికే వస్తుంది.

హ్యాండిలు: మన పెద్దలు తొక్కిన పాత నల్ల సైకిళ్ళలో హ్యాండిలు ఎత్తుగా, వెనుకకు వంగి ఉండేది. నిటారుగా కూర్చునేవారు గనుక చేతులకు బరువు తక్కువ. ఈ రోజుల్లో యౌవనస్థులు కొనే గేరు సైకిళ్ళలో హ్యాండిలు తిన్నగా, కిందికి, దూరంగా ఉంటుంది. చూడటానికి అందమే గాని చేతులకు శిక్ష. వీలైతే హ్యాండిలును సీటంత ఎత్తుకు గాని, ఇంకా కొంచెం పైకి గాని లేపించండి. లోపలి కడ్డీ మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనిపించేంత పైకి మాత్రం లాగవద్దు, విరిగే ప్రమాదమున్నది. బ్రేకు పిడులను కొంచెం కిందికి తిప్పిస్తే మణికట్టు తిన్నగా ఉంటుంది.

గాలి: ముళ్ళకు భయపడి టైరు రాయిలా గట్టిపడేంత గాలి కొట్టించడం మన వైపు అలవాటు. తుమ్మముల్లు, పల్లేరుముల్లు గాలిని చూసి ఆగవు. అతిగా గాలి కొడితే మాత్రం రోడ్డు మీది ప్రతి కంకరరాయీ అరచేతికి వచ్చి తగులుతుంది. ఎంత గాలి వరకు పట్టించవచ్చునో టైరు పక్కన అచ్చువేసి ఉంటుంది. లారీలు చెడగొట్టిన రోడ్ల మీద ఆ హద్దుకు కొంత తక్కువే మేలు. మరీ తగ్గిస్తే రిమ్ము తగిలి ట్యూబు తెగుతుంది. కాస్త వెడల్పు టైరు వేయించుకొనగలిగితే ఇంకా మంచిది.

గ్రిప్పులు: అరిగి గట్టిపడిన ప్లాస్టిక్ గ్రిప్పులు తీసివేసి మెత్తని రబ్బరువి వేయించండి. ఇది గ్లౌజుల కంటె చవక, తీసి ఎక్కడో పెట్టి మరిచిపోయే భయమూ లేదు. అరచేయి ఆనేచోట వెడల్పుగా ఉండే గ్రిప్పులు బరువును అంతటా పరుస్తాయి.

బరువు: బిందెలు, క్యానులు హ్యాండిలుకు వేలాడదీస్తే అది పక్కకు లాగుతూ ఉంటుంది, పిడికిలి బిగించక తప్పదు. వీలైనంత బరువును వెనుక క్యారియరుకు రెండు వైపులా సమంగా కట్టండి.

తొక్కే తీరు

మోచేతులను కర్రల్లా బిగించవద్దు, కొంచెం వంచి ఉంచండి. గుంత వచ్చినప్పుడు ఆ వంపే దెబ్బను మింగుతుంది. పిడికిలి బిగించకుండా, జారిపోనంత మాత్రమే పట్టుకోండి. అయిదారు నిమిషాలకు ఒకసారి చేతులు ఆనించే చోటు మార్చండి. రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉన్నచోట ఒక్కొక్క చేతిని తీసి విదిలించండి. వంగిన కొమ్ముల హ్యాండిలున్న రేసు సైకిలు వారు ఎక్కువసేపు కింది కొమ్ములనే పట్టుకొని ఉండవద్దు, అరచేతి అంచు మీద ఒత్తిడి అక్కడే ఎక్కువ. నడుము, కడుపు కండరాలు గట్టిపడితే శరీరాన్ని అవే మోస్తాయి, చేతులకు ఆ పని తప్పుతుంది. అందుకని దూరాన్ని ఒక్కసారిగా కాక వారం వారం కొంచెం కొంచెంగా పెంచండి.

ఇక గ్లౌజుల సంగతి

పైవన్నీ చేసిన తరువాత గ్లౌజులు కొనండి. అవి ఎంత మేలు చేస్తాయి? 2011లో 36 మంది అనుభవజ్ఞులైన సైక్లిస్టులతో జరిపిన ఒక పరిశీలనలో, మెత్తలున్న గ్లౌజులు అరచేతి అంచు మీది ఒత్తిడిని 10 నుండి 29 శాతం వరకు తగ్గించాయని తేలింది. అదే పరిశీలనలో 5 మిల్లీమీటర్ల జెల్ మెత్త కంటె 3 మిల్లీమీటర్ల పలుచని నురుగు మెత్త కొంచెం మెరుగ్గా పనిచేసింది. కాబట్టి మందంగా ఉన్నదే మంచిదని దుకాణదారుడు చెబితే నమ్మి ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

కొనేటప్పుడు చూడవలసినవి ఇవి. బొటనవేలు వదిలి, అరచేతి చుట్టూ టేపుతో కొలిచి సైజు ఎంచుకోండి. వేసుకొని పిడికిలి బిగించి చూడండి. అరచేతిలో బట్ట ముడతలు పడితే వదులు, వేళ్ళ మధ్య కోసుకుంటే బిగువు. మెత్తలు నరం పోయే దారికి అటూ ఇటూ ఉండి మధ్యలో పల్లం ఉండాలి. అరచేతి అడుగున ఒకే గడ్డలాగ ఉన్న మెత్త నరాన్ని మరింత నొక్కుతుంది. దుకాణంలోనే ఏదైనా సైకిలు హ్యాండిలు పట్టుకొని, కొంచెం బరువు వేసి చూడండి. మణికట్టు పట్టీని బిగించి కట్టవద్దు, ఆ బిగువే తిమ్మిరి తెస్తుంది. మన అనంతపురం ఎండలకు సగం వేళ్ళవి, వెనుక జల్లెడ బట్ట ఉన్నవి మంచివి. సిమెంటు పనికి వాడే మందపు గ్లౌజులు, మోటారు సైకిలు గ్లౌజులు దీనికి పనికిరావు. చెమట ఉప్పుకు గట్టిపడతాయి గనుక తరచుగా సబ్బునీళ్ళతో ఉతికి నీడలో ఆరవేయండి.

గ్లౌజులు కొనే స్తోమత లేనివారు చింతపడవద్దు. సీటు, హ్యాండిలు, గాలి సరిచేయడానికి ఒక పానా, అరగంట సమయం చాలు. ఎక్కువమందికి వీటితోనే ఉపశమనం కలుగుతుంది.

దిగిన తరువాత కూడా తిమ్మిరి పోకపోతే

ఇది శ్రద్ధగా చదవండి. సైకిలు వల్ల వచ్చిన తిమ్మిరి సాధారణంగా దిగిన కొద్దిసేపటికే పోతుంది. చాలా దూరం తొక్కినప్పుడు కొన్ని రోజులు ఉండవచ్చును. అప్పుడు పూర్తిగా తగ్గేవరకు సైకిలు మానాలి. ఈ గుర్తులు ఉంటే మాత్రం ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి.

చొక్కా గుండీలు పెట్టుకోవడం, తాళం తిప్పడం కష్టమవుతుంటే. బొటనవేలికీ చూపుడు వేలి పక్కకూ మధ్య కాగితం పట్టుకొని, ఇంకొకరిని లాగమనండి. కాగితం జారిపోయినా, బొటనవేలి కొన వంచి పట్టవలసి వచ్చినా కండరం బలహీనపడినట్లే.

చేతి వెనుక భాగం, చిటికెన వేలి వైపున కూడా మొద్దుబారి ఉంటే. ఆ భాగానికి వెళ్ళే నరపు కొమ్మ మణికట్టుకు పైననే విడిపోతుంది. కాబట్టి ఇది హ్యాండిలు ఒత్తిడి కాదు, తప్పు మోచేతి దగ్గరో, ఇంకా పైననో ఉన్నది.

రాత్రి నిద్రలో చేతులు తిమ్మిరెక్కుతుంటే, లేక పాదాలు కూడా మొద్దుబారుతుంటే. చక్కెర వ్యాధి, థైరాయిడ్ లోపం, బి-12 విటమిను కొరత, వీటికి రక్తపరీక్ష చేయించాలి.

చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ గాని, ఎర్రని మచ్చ గాని ఉంటే, చిటికెన వేలు వంగిపోతుంటే, వేడి గిన్నె కాలినా తెలియకుంటే. ఇవి కుష్ఠు వ్యాధి గుర్తులు కావచ్చును. ఆ వ్యాధి తరచుగా దెబ్బతీసేది మోచేతి దగ్గర ఇదే అల్నార్ నరాన్ని.

ఈ పేరు పలకడానికే మన పల్లెల్లో భయపడతారు. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని, పిల్లల చేతి తిమ్మిరిని "సైకిలు ఎక్కువ తొక్కాడులే" అని దాచే ఇళ్ళు ఉన్నాయి. దాచవద్దు. జాతీయ స్థాయిలో ఇది ప్రజారోగ్య సమస్యగా 2005 డిసెంబరు నాటికి తొలగిపోయిందని ప్రకటించినా, దేశంలో ఏటా సుమారు లక్షమంది కొత్త రోగులు ఇప్పటికీ బయటపడుతున్నారు. మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. వ్యాధి తీరును బట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని వాడితే నయమవుతుంది. మందు మొదలైన కొద్దికాలానికే ఇతరులకు అంటడం ఆగిపోతుంది. కాని ఆలస్యం చేస్తే చచ్చుబడిన నరం తిరిగి రాకపోవచ్చును. పోయేది అదే.

1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠు రోగుల వంగిన వేళ్ళను శస్త్రచికిత్సతో తిరిగి పనికి తెచ్చారు. రోగుల వేళ్ళు ఊడిపోవడానికి కారణం వ్యాధి తినివేయడం కాదనీ, నొప్పి తెలియని చేతికి పదే పదే తగిలే గాయాలేననీ ఆయన చూపించారు. నొప్పి మనకు కీడు చేయడానికి కాదు, కాపాడటానికి ఇవ్వబడినదని ఆయన జీవితాంతం బోధించారు.

యాడికి సహోదరునికి మా సలహా ఇది. ఈ వారమే సీటు, హ్యాండిలు, గాలి సరిచేయించుకోండి. రెండు వారాలు తీరు మార్చి తొక్కి చూడండి. ఇంకా తిమ్మిరి వస్తుంటే పలుచని మెత్తల గ్లౌజులు కొనుక్కోండి. దిగిన తరువాత కూడా వేళ్ళు మొద్దుగానే ఉంటే మాత్రం గ్లౌజుల దుకాణానికి కాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. తల్లిదండ్రులారా, ఈ నెల ఒక సాయంత్రం మీ పిల్లల చేతులు పట్టుకొని, వారిని కళ్ళు మూసుకోమని, దూదితో ప్రతి వేలినీ తాకి చూడండి. ఎక్కడ తాకారో వారు చెప్పగలగాలి.