చౌక పెన్సిలిన్‌కు మనం చెల్లిస్తున్న ధర

రుమాటిక్ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు మూడు వారాలకొకసారి బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. ఏళ్ల తరబడి ఇవ్వాలి. గుండె కవాటాలు మరింత చెడిపోకుండా ఆపగలిగేది ప్రధానంగా అదే. ఖరీదైన మందు కాదు, కొత్త మందు అంతకన్నా కాదు. పేటెంటు ఎవరి చేతిలోనూ లేదు. అయినా అది దొరకని రోజులను నేను ఉద్యోగంలో ఉండగా చూశాను.

ఒక వ్యవసాయ కూలీ కుటుంబపు అమ్మాయి, పద్నాలుగేళ్లది, తల్లితో కలిసి రెండు బస్సులు మారి వచ్చేది. మందుల కిటికీ దగ్గర "స్టాకు లేదు, వచ్చే వారం రండి" అన్నారు. వచ్చే వారమూ అదే మాట. "మళ్లీ మళ్లీ రమ్మంటే కూలి పోతుంది సార్" అని తల్లి నా దగ్గర వాపోయింది. మూడు విడతలు తప్పాయి. నాలుగోసారి ఆ పిల్ల ఆయాసంతో స్ట్రెచర్ మీద వచ్చింది. మందు ఎందుకు లేదని ఫార్మసిస్టును అడిగితే కంపెనీ పంపలేదన్నాడు. కంపెనీ ప్రతినిధిని అడిగితే బల్క్ రాలేదన్నాడు. ఆ బల్క్ ఎక్కడి నుంచి రావాలని నేను ఆనాడు అడగలేదు. అడిగి ఉండవలసింది.

మాత్రలో, ఇంజెక్షన్‌లో అసలు పనిచేసే పదార్థాన్ని పరిశ్రమలో ఏపీఐ లేదా బల్క్ డ్రగ్ అంటారు. మన దేశాన్ని ప్రపంచ ఔషధశాల అని పొగుడుతూ ఉంటాం. ఆ పొగడ్తలో సగం నిజముంది. మాత్రలు చేయడంలో, సీసాలు నింపడంలో మనం దిట్టలమే. కానీ మనం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లోనూ, వాటి తయారీకి కావలసిన మధ్యస్థ రసాయనాలలోనూ దాదాపు 70 శాతం ఒక్క చైనా నుంచే వస్తున్నాయి. బెంజాథిన్ పెన్సిలిన్ విషయంలో ప్రపంచమంతటికీ ముడి మందు చేసే కర్మాగారాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలోనూ అధికభాగం చైనాలోనే ఉన్నాయి. ఈ మందుకు కొన్నేళ్లుగా కొరత ఉందని 2016లో ప్రపంచ ఆరోగ్య సభే గుర్తించింది.

ఇది విధి లిఖితమేమీ కాదు. పుణె దగ్గరి పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ సంస్థ 1954లోనే ఏర్పడింది, పెన్సిలిన్ చేసింది. 1961లో ఐడీపీఎల్ వచ్చింది. సోవియట్ సహకారంతో రిషికేశ్‌లో యాంటీబయోటిక్స్, మన హైదరాబాదులో కృత్రిమ ఔషధాల కర్మాగారాలు వెలిశాయి. ఈ నగరంలో ఇవాళ కనబడే ఔషధ పరిశ్రమకు విత్తనం పడింది అక్కడే. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి సైతం ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చినవారే. తొంభైల తర్వాత దిగుమతి సుంకాలు తగ్గాయి. చైనా పెన్సిలిన్-జి మన ఉత్పత్తి ఖర్చు కన్నా చౌకగా రేవుల్లో దిగింది. పెన్సిలిన్ కిణ్వ ప్రక్రియతో తయారవుతుంది. పెద్ద పెద్ద తొట్లలో బూజును పెంచాలి, రాత్రింబవళ్లు కరెంటు ఆగకూడదు, చక్కెర పదార్థం చౌకగా దొరకాలి. అక్కడి ప్రభుత్వం అవన్నీ సమకూర్చింది. మన ప్రభుత్వాలు చేతులు కట్టుకుని చూశాయి. మన పెన్సిలిన్-జి తొట్లు ఒక్కొక్కటిగా ఎండిపోయాయి. ఐడీపీఎల్‌ను మూసివేయాలని 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. చౌకగా వస్తోంది కదా, ఇంకేం కావాలి అన్నదే ఆ కాలంలో వినిపించిన ఆర్థికశాస్త్రం.

ఏం కావాలో 2020 చెప్పింది. చైనాలో కోవిడ్ వ్యాపించి కర్మాగారాలు మూతపడగానే, మార్చి 3న మన ప్రభుత్వం పారాసెటమాల్ సహా 26 ఔషధాలు, ముడి మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఏప్రిల్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం అమెరికా అధ్యక్షుడు ప్రతీకారం మాట ఎత్తాడు, మనం సడలించాం. జూన్‌లో గల్వాన్‌లో 20 మంది సైనికులను పోగొట్టుకున్నాం. వీధుల్లో చైనా వస్తువులను తగలబెట్టారు. ఆ ఆవేశం నాకు అర్థమవుతుంది. కానీ అదే రోజుల్లో చైనా సరకులు తనిఖీల పేరిట మన రేవుల్లో నిలిచిపోతే, వాటిని విడిపించమని మొరపెట్టుకున్నవారిలో మన ఔషధ ఎగుమతిదారులూ ఉన్నారు. శత్రువనుకున్నవాడి చేతిలో మన యాంటీబయోటిక్ సీసా మూత ఉంది. ఇటీవల 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల ఎగుమతిని బిగించి అమెరికా సుంకాలకు జవాబు చెప్పింది. ఖనిజాలతో చేసినది రేపు మందులతో చేయదని ఎవరైనా పూచీ ఇవ్వగలరా?

మనమూ పునీతులం కాము. 2021 వసంతంలో మన రెండో ఉప్పెన నడిమధ్యలో టీకాల ఎగుమతి ఆపేశాం. పుణె టీకాల మీద ఆశ పెట్టుకున్న ఆఫ్రికా దేశాలు నెలల తరబడి ఎదురుచూశాయి. మన మనుషులు చనిపోతున్నప్పుడు అలా చేయక తప్పలేదని నేనూ అనుకున్నాను. బీజింగ్‌లో కూర్చున్న అధికారి కూడా రేపు అదే అనుకుంటాడు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనను. 2020లో బల్క్ డ్రగ్స్ ఉత్పత్తిదారులకు 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది, మూడు బల్క్ డ్రగ్ పార్కులకు 3,000 కోట్లు కేటాయించింది. కాకినాడ దగ్గర అరబిందో అనుబంధ సంస్థ ఏటా 15,000 టన్నుల పెన్సిలిన్-జి చేయగల కర్మాగారం కట్టింది, 2024లో ఉత్పత్తి మొదలైంది. సంతోషించవలసిన సంగతే. అయితే మన తొట్లు పనిచేయడం మొదలుపెట్టగానే విపణిలో దిగుమతి పెన్సిలిన్ ధర పడిపోయింది. కనీస దిగుమతి ధర విధించకపోతే నిలబడలేమని పరిశ్రమ అడగవలసి వచ్చింది. తొంభైలలో జరిగినదీ ఇదే.

నా అభియోగం ఇక్కడే ఉంది. ఒక చేత్తో ప్రోత్సాహకాలిస్తున్న ప్రభుత్వమే, మరో చేత్తో ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనేటప్పుడు అందరికన్నా తక్కువ ధర వేసినవాడికే టెండరు కట్టబెడుతోంది. ఆ తక్కువ ధర ఎక్కడి ముడి మందుతో సాధ్యమయిందో అడిగేవాడు లేడు. సీసాకు ఒకటి రెండు రూపాయలు ఎక్కువైనా కొంత భాగాన్ని దేశీయ ముడి మందుతో చేసినవారి దగ్గరే, అయిదేళ్ల ఒప్పందం మీద కొనమని చెప్పడానికి పెద్ద మేధస్సు అవసరం లేదు. అన్ని మందులకూ అక్కరలేదు. పెన్సిలిన్ వంటి ప్రాణావసరాలు కొన్నింటికి చాలు. వాటికి ఆరు నెలల ముడి నిల్వ ఉంచాలి. చమురుకు విశాఖపట్నంలో కొండ కింద గుహలు తొలిచి వ్యూహాత్మక నిల్వ పెట్టుకున్న దేశం మనది.

స్వదేశీ పేరుతో విషాన్ని కూడా స్వదేశీకరించవద్దు. పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ విపరీతంగా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు చూపారు. మందుకు లొంగని సూక్ష్మజీవులకు అటువంటి నీరే పుట్టిల్లు. నక్కపల్లి తీరంలో బల్క్ డ్రగ్ పార్కు వద్దంటున్న మత్స్యకారులను దేశాభివృద్ధికి అడ్డని విసుక్కునేవారు ముందు పటాన్‌చెరు చెరువుల దగ్గరికి వెళ్లి రావాలి. శుద్ధి ఖర్చు కూడా మందు ధరలో భాగమే. చైనా మందు చౌకదనంలో ఆ ఖర్చు ఎగవేత ఎంతో కొంత ఉంది, మనదాంట్లోనూ ఉండేది.

ఇది చదివి ఎవరూ ఇంట్లో యాంటీబయోటిక్స్ పోగుచేసుకోవద్దు. కొరతను అది పెంచుతుందే తప్ప తగ్గించదు. పెన్సిలిన్ ఇంజెక్షన్ దొరకని పక్షంలో మానేయకుండా, నోటి ద్వారా వాడే పెన్సిలిన్ మాత్రల గురించి మీ వైద్యుణ్ణి వెంటనే అడగండి.

2023 ఆగస్టు నుంచి 300 ప్రముఖ బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. ఫోనుతో చూస్తే తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనబడతాయి. లోపలి ముడి మందు ఏ దేశానిదో చెప్పవలసిన నిబంధన మాత్రం అందులో లేదు. ఆ ఒక్క పంక్తి చేర్చమని మీ శాసనసభ్యుణ్ణి, పార్లమెంటు సభ్యుణ్ణి అడగండి. నేను ఇప్పటికే ఒక ఉత్తరం రాశాను, జవాబు ఇంకా రాలేదు.