ఊరికే వచ్చిన టిక్కెట్టు

ఉగాది మర్నాడు కైరుప్పలలో పిడకల సమరం. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ పెళ్ళి మాటల్లో వచ్చిన తగవుకి గుర్తుగా ఊరు ఊరంతా రెండు జట్లయి పిడకలతో కొట్టుకుంటుంది. దెబ్బ తగిలినవాళ్ళు గుళ్ళో విభూతి రాసుకుని నవ్వుకుంటూ ఇళ్ళకి పోతారు. ఆడవాళ్ళం మిద్దెలెక్కి చూస్తాం. ఈసారి మా మేనమామగారి మిద్దె మీద మాత్రం పిడకల సంగతి కంటే విమానం టిక్కెట్ల సంగతే ఎక్కువ నడిచింది.

అమెరికా నుంచి వచ్చిన మామయ్య కోడలు "ఈసారి మాకు టిక్కెట్లు ఫ్రీ వదినా. పాయింట్లతో వచ్చాం, టాక్సులు మాత్రం కట్టాం" అంది. ఉగ్గాని, బజ్జీల పళ్ళెం పట్టుకుని అప్పుడే మెట్లెక్కి వచ్చిన మా అత్త టక్కున అడిగింది: "ఊరికే ఎవరిస్తారే తల్లీ? ఆ కంపెనీవాళ్ళకి మనమేమన్నా చుట్టాలమా?"

నేను చదివిన డిగ్రీలో ఇంత సూటి ప్రశ్న ఎక్కడా ఎదురుపడలేదు. ఆదోనికి తిరిగొచ్చాక కూడా అదే మెదులుతుంటే, తీరిక చేసుకుని వివరాలన్నీ కూడగట్టాను.

టీ పొడి ప్యాకెట్ల అట్టముక్కలు దాచి స్టీలు డబ్బా తెచ్చుకున్న తరం మనది. విమానాల పాయింట్లూ అదే తంతు. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'ఆడ్వాంటేజ్' అనే పథకం పెట్టింది. మా విమానమే మళ్ళీ మళ్ళీ ఎక్కండి, ఎగిరిన మైళ్ళు లెక్కగట్టి ఒక టిక్కెట్టు ఇస్తాం అంది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు అదే దారి పట్టాయి. అప్పట్లో అది ఖాళీ సీటుని పాత గిరాకీకి ఇచ్చి మంచి చేసుకోవడం, అంతే.

ఇప్పుడలా లేదు. విమానం ఎక్కకుండానే పాయింట్లొస్తాయి. బియ్యం కొన్నా, పిల్లల ఫీజు కట్టినా, క్రెడిట్ కార్డు గీకితే చాలు. ఆ పాయింట్లను బ్యాంకులు ఎయిర్‌లైన్స్ దగ్గర దుడ్లిచ్చి కొంటాయి. బ్యాంకుకి దుడ్లెక్కడివి? కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారుడు నూటికి సుమారు రూపాయిన్నరో రెండో బ్యాంకులకి వదులుకోవాలి. అతను తన ఇంట్లోంచి తెచ్చి కట్టడు కదా, సరుకు ధరలోనే కలుపుకుంటాడు. ఆ ధరే నోట్లిచ్చి కొనేవాళ్ళకీ పడుతుంది. అమెరికాలో బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో దీన్ని లెక్కగట్టారు. నోట్లతో కొనే కుటుంబం ఏడాదికి సగటున 149 డాలర్లు తనకు తెలియకుండానే కార్డువాళ్ళకి సమర్పించుకుంటోందట. కార్డు వాడే కుటుంబానికి 1,133 డాలర్లు ముడుతున్నాయట. మన దగ్గర 2020 జనవరి నుంచి యూపీఐ మీదా రూపే డెబిట్ కార్డు మీదా దుకాణదారుడికి ఈ రుసుము లేదు కాబట్టి ఆ అంకెలు మనకి అచ్చంగా సరిపోవు. కానీ సూత్రం ఒకటే. మా అత్త ప్రశ్నకి జవాబు చెప్పాలంటే, కోడలి టిక్కెట్టులో కార్డు మొహం చూడని ఆడవాళ్ళు కొన్న కందిపప్పు పాలు కూడా ఎంతో కొంత ఉంది!

ఈ పాయింట్ల వ్యాపారం ఎంత పెద్దదో కరోనా కాలంలో బయటపడింది. 2020లో విమానాలన్నీ నేలమీద నిలబడిపోతే అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పాయింట్ల పథకాన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంది. ఆ పథకానికి కట్టిన విలువ సుమారు 22 వందల కోట్ల డాలర్లు. అప్పటికి కంపెనీ షేర్లన్నీ కలిపినా అంత విలువ లేదు! డెల్టా 900 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. విమానాలకంటే వాటి వెనక ఉన్న కూపన్ల పుస్తకమే ఖరీదయిందన్నమాట.

ఇక మన దేశం సంగతి. మూడేళ్ళలో చాలా మారింది. 2024 ఏప్రిల్లో ఎయిరిండియా పాయింట్ల లెక్క మార్చింది. ఎంత దూరం వెళ్ళామని కాక, టిక్కెట్టుకి ఎంత ఖర్చు పెట్టామని చూస్తోంది. చవక టిక్కెట్టు వెతుక్కుని వెళ్ళేవాళ్ళకి అదే దూరానికి పాయింట్లు తక్కువన్నమాట. అదే ఏడు నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది. విస్తారా పాయింట్లు ఒకటికొకటిగా ఇటు వచ్చాయి. ఆ పథకమే 2025లో 'మహరాజా క్లబ్' అని పేరు మార్చుకుంది. దేశంలో ఎగిరేవాళ్ళలో నూటికి అరవైమందికి పైగా ఎక్కే ఇండిగో పద్ధెనిమిదేళ్ళపాటు ఇలాంటి పథకం జోలికే పోలేదు. అదీ 2024లో 'బ్లూచిప్' మొదలుపెట్టింది. మన కర్నూలు దగ్గర ఓర్వకల్లు నుంచి 2021 మార్చి 28న తొలి విమానాలు ఎగిరినప్పుడు ఎక్కినవాళ్ళకి ఈ గోలే లేదు. 2025 జులైలో అక్కడినుంచి విజయవాడకు ఇండిగో మొదలయ్యేసరికి మన జిల్లావాళ్ళకీ ఈ లెక్కలు వచ్చి పడ్డాయి.

ఇందులో భయపెట్టే సంగతి ఒకటుంది. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగిపోయినప్పుడు దాని పాయింట్లు చిత్తుకాగితాలయ్యాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు మాత్రం పాయింట్లు బతికాయి. ఎందుకంటే ఆ పథకం వేరే కంపెనీగా ఉండేది, అందులో ఎతిహాద్‌ది 50.1 శాతం వాటా. అదే తర్వాత 'ఇంటర్‌మైల్స్' అయింది. ఇవన్నీ కార్డు తీసుకునేటప్పుడు మనకెవరు చెప్తారు? చీటీ వేస్తే దానికి 1982 నాటి చట్టం ఉంది, రిజిస్ట్రారు ఉన్నాడు. పాయింట్లకి? "ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది" అని షరతుల్లో ఒక వాక్యం ఉంటుంది. అమెరికాలోనైనా 2024 సెప్టెంబరులో రవాణాశాఖ నాలుగు పెద్ద ఎయిర్‌లైన్స్‌ని మీ పాయింట్ల నియమాలు చూపించండని అడిగింది.

మనం ఇచ్చే వివరాల సంగతీ చెప్పాలి. మారియట్ వారి స్టార్‌వుడ్ హోటళ్ళ కంప్యూటర్లలోంచి దొంగలు కోట్లాదిమంది అతిథుల వివరాలు ఎత్తుకుపోయారని 2018 నవంబరులో బయటపడింది. అందులో యాభై లక్షలకు పైగా పాస్‌పోర్టు నంబర్లు ఏ రహస్యలిపీ లేకుండా ఉన్నాయి. 2021లో ఎయిరిండియా ప్రయాణికులు 45 లక్షలమంది వివరాలు పోయినప్పుడు పాయింట్ల ఎకౌంట్ల సమాచారమూ అందులో ఉంది. అందుకే ఫోన్లో ఎవరైనా "మీ పాయింట్లు ఈ రాత్రికి పోతాయి, ఓటీపీ చెప్పండి" అంటే పెట్టెయ్యడమే.

ఇప్పుడు మా అక్క సంగతి. బావగారు దూది మిల్లు యంత్రాల కంపెనీలో ఉండేవారు. నెలకి రెండుసార్లు కోయంబత్తూరో అహ్మదాబాదో విమానంలో తిరిగేవారు. ఇంటి ఖర్చంతా అక్క చేతిలోని కార్డు మీదే. అది ఆయన కార్డుకి అనుబంధం. నూనె డబ్బా నుంచి అత్తగారి మందుల దాకా ఆమె గీకిన ప్రతి రూపాయి పాయింటూ ఆయన పేరుమీదే చేరేది. "రిటైరయ్యాక నిన్ను సింగపూరు తీసుకెళ్తా" అనేవారు. గుండెపోటుతో హఠాత్తుగా పోయేనాటికి ఒక ఎయిర్‌లైన్‌లో లక్షా ఎనభైనాలుగు వేల పాయింట్లున్నాయి. ఏడాది తర్వాత సింగపూరులో కూతురి పురిటికి వెళ్ళాల్సివచ్చి అక్క ఉత్తరం రాసింది. నియమాల ప్రకారం మెంబరుతోనే ఎకౌంటు ముగిసిందని, విచారం వెలిబుచ్చుతున్నామని నాలుగు వాక్యాల జవాబొచ్చింది. అక్క గాజులు తాకట్టుపెట్టి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళింది.

బ్యాంకు ఖాతాకి నామినీ ఉంటుంది, ఇన్సూరెన్సుకి ఉంటుంది. దీనికి లేదు. కొన్ని కంపెనీలు మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం చూసి పాయింట్లు మారుస్తాయి, కొన్ని మార్చవు. ఏ ఎకౌంటుకి ఏ నియమమో బతికుండగానే చదువుకోవాలి. ఈ మాట అశుభమని అనుకోకండి. వీలునామా మాట ఎత్తినా మనిళ్ళలో అలాగే అంటారు.

అక్క సంగతి చూశాక నేను మావారి దగ్గర కూర్చుని మూడు పనులు చేయించాను. మొదటిది, నాకూ పిల్లలకీ విడివిడిగా మెంబరు నంబర్లు. ఇవి చాలావరకు ఉచితమే. ఇక్కడే నాకో చిక్కొచ్చింది. పాస్‌పోర్టులో నా పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. టిక్కెట్టు మీద పేరూ మెంబరు పేరూ ఒకటి కాకపోతే పాయింట్లు చేరవు. మగవాళ్ళకి ఈ బాధే తెలియదు! పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించాను. రెండోది, నంబర్లన్నీ పాలలెక్కల పుస్తకం చివరి పేజీలో రాసిపెట్టడం. మూడోది, పాయింట్లు కూడబెట్టుకోకుండా ఖర్చుపెట్టడం. వీటికి వడ్డీ రాదు, ఏటేటా విలువ తరుగుతుంది.

ఖర్చుపెట్టేముందు కూడా లెక్క వేసుకోవాలి. టిక్కెట్టు ఆరువేలనుకుందాం. పాయింట్లతో తీసుకుంటే పన్నెండువేల పాయింట్లూ, పైన పన్నెండువందల టాక్సూ అనుకుందాం. అంటే నాలుగువేల ఎనిమిదివందలు మిగిలినట్టు, పాయింటుకి నలభై పైసలు. అవే పాయింట్లకి బ్యాంకు కేటలాగులో మిక్సీ తీసుకుంటే పాయింటుకి ఇరవై పైసలే పడుతుందనుకోండి, మిక్సీ వద్దనాలి. ఏటా వేలల్లో ఫీజున్న కార్డుని 'మూడు లక్షలు ఖర్చుపెడితే హోటల్లో ఒక రాత్రి ఉచితం' అన్నారని తీసుకుంటే, అక్కర్లేని చీర కొనిపించేది ఆ రాత్రే.

రాయచోటి నుంచి, కడప నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు సముద్రాలు దాటుతారు. వాళ్ళ టిక్కెట్టు ఏజెంటు తీస్తాడు. మెంబరు నంబరు అడిగేవాళ్ళూ ఉండరు, చెప్పేవాళ్ళూ ఉండరు. చాలా ఎయిర్‌లైన్స్ ప్రయాణం అయిన కొన్ని నెలల్లోపు బోర్డింగ్ పాస్ చూపిస్తే పాయింట్లు వేస్తాయి. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటివాళ్ళుంటే ఆ కాగితం పారెయ్యొద్దని చెప్పండి.

కైరుప్పల మిద్దె మీద ఆ సాయంత్రం మామయ్య కోడలు మా అత్తకి కూడా ఫోన్లో మెంబరు నంబరు తీసిచ్చింది. అత్త కళ్ళజోడు పెట్టుకుని చూసి "సున్నా అని ఉందేమే?" అంది. "ఇంకా ఎక్కలేదు కదత్తా" అన్నాం. "మామయ్యకి ఎన్నున్నాయి?" అంది. ఆయనకి అసలు నంబరే లేదని తెలిశాక ఉగ్గాని పళ్ళెం తీసుకుని నవ్వుకుంటూ కిందికి దిగిపోయింది.