రెండు రూపాయల మిత్తికి కంప్యూటర్ సీటా?

ఎప్‌సెట్ ర్యాంకు చేతికందగానే సూర్యాపేట–ఖమ్మం దారిలోని మోతె వంటి మండలాల్లో రెండు లెక్కలు మొదలవుతాయి. ఒకటి వెబ్ ఆప్షన్లది, రెండోది అప్పుది. మొదటిదాన్ని నెట్ సెంటర్లో గంటల తరబడి కూచొని సరిచూసుకుంటారు. రెండోది వాకిట్లో ఒక్క మాటతో తేలిపోతుంది: ‘కంప్యూటర్ సైన్సే గదా, కొలువు రాంగనే కట్టేస్తడు.’

ఆ మాటను కాగితం మీద పెట్టి చూద్దాం. ఫీజు, హాస్టలు, పుస్తకాలు కలిపి ఏటా లక్షన్నర చొప్పున నాలుగేళ్లకు 6 లక్షలు బ్యాంకులో తీసుకున్నారనుకుందాం. పది శాతం బారువడ్డీతోనే, చదువు ముగిసిన ఏడాదికి వాయిదాలు మొదలయ్యేసరికి అది 8 లక్షల 10 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700 రూపాయలు. మరి జీతం? క్యాంపస్‌లో టీసీఎస్ ‘నింజా’ కొలువుకు ఏళ్లుగా వినిపిస్తున్న ప్యాకేజీ 3.36 లక్షలు. అంటే కాగితం మీదే నెలకు 28 వేలు. అందులో పీఎఫ్ కోతలు, హైదరాబాద్ హాస్టలు, తిండి, బస్సు పోగా వాయిదా కట్టాలి. ఏడాది వాయిదాలు 1.28 లక్షలు దాటుతాయి. 2025-26 మద్దతు ధర 2,389 రూపాయల లెక్కన ఏ గ్రేడు ధాన్యం 54 క్వింటాళ్లు మిర్యాలగూడ మిల్లుకు తోలితే వచ్చే సొమ్మది. పెట్టుబడి తీయకముందు!

ఇది బ్యాంకు అప్పు సంగతి. అదే 6 లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 12 వేలు మిత్తికే పోతాయి. అసలు అట్లనే ఉంటుంది.

ఇంజినీరింగ్ వద్దని ఎవరూ అనడం లేదు. పదివేల లోపు ర్యాంకు తెచ్చుకొని, అర్హత ఉండి పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందే విద్యార్థికి ఇంతకన్నా మంచి చదువు దొరకడం కష్టం. అభ్యంతరమల్లా మోయలేని అప్పు చేసి సీటు తీసుకోవడంపైనే. మొదటి ఏడాది జీతం ఎంత వస్తుందో, చదువు మొత్తానికి చేసే అప్పు అంతకు మించకూడదు. ఆ హద్దు దాటించే సీటును వదులుకోవాల్సిందే.

ఎందుకంటే సీట్లు పెరిగినంతగా కొలువులు పెరగడం లేదు. మంచి ప్రమాణాలున్న కాలేజీలకు బ్రాంచి సీట్లపై ఉన్న గరిష్ట పరిమితిని 2024-25 నుంచి ఏఐసీటీఈ ఎత్తేసింది. అంతకు ముందు ఏడాదే టీసీఎస్‌లో 13,249 మంది, ఇన్ఫోసిస్‌లో 25,994 మంది ఉద్యోగులు తగ్గారు. 2022లో ఆఫర్ లెటర్లు అందుకున్న కొందరిని ఇన్ఫోసిస్ 2024 దాకా చేర్చుకోలేదు. 2025 జూలైలో టీసీఎస్ మరో 12 వేల మందిని తగ్గించుకుంటానంది. బ్యాంకు వాయిదా మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ప్రభుత్వం తప్పూ తక్కువేం కాదు. తెలంగాణలో 2022లో ఇంజినీరింగ్ ఫీజులు 45 వేల నుంచి లక్షా 60 వేల దాకా ఖరారయ్యాయి. పదివేలు దాటిన ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి రీయింబర్స్‌మెంట్ 35 వేలే. అదీ సమయానికి రాదు. బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు 2025 నవంబరులో బంద్ దాకా వెళ్లాయి. నిధులు ఆగిన ప్రతిసారీ, కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే ఇరుక్కునేది విద్యార్థే.

విద్యారుణాల కోసం కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం మంచిదే. కానీ అది ఆ ఏడాది దేశం మొత్తమ్మీద 860 నాణ్యమైన సంస్థలకే పరిమితం. తమ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఆప్షన్ పెట్టకముందే అడగాలి.

అడగాల్సింది ఇంకోటుంది. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుకు వెళ్లే ప్రతి కాలేజీ, కొలువు వచ్చిన విద్యార్థుల మధ్యస్థ జీతం ఎంతో రాసిస్తుంది. జీతాలన్నీ వరుసలో పేరిస్తే నడిమధ్యలో ఉండేదన్నమాట. ఫ్లెక్సీల మీద కనిపించేది మాత్రం ఎవరో ఒకరికి వచ్చిన అత్యధిక ప్యాకేజీ. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట కాలేజీలు సహా రాష్ట్రంలో ప్రతి కాలేజీ మధ్యస్థ జీతాన్ని, కొలువు రానివారి సంఖ్యను వెబ్ ఆప్షన్ల పేజీలోనే ఫీజు పక్కన చూపేలా ఉన్నత విద్యామండలి నిబంధన తేవాలి. చూపని కాలేజీని ఆ ఏడాది కౌన్సెలింగ్ నుంచి తప్పించాలి.

పాలిటెక్నిక్ చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరే దారి గురించి పదో తరగతిలోనే చెప్పాలి. ఒక ఏడాది ఫీజు అక్కడే మిగులుతుంది. కౌన్సెలింగ్ వారంలో లీడ్ బ్యాంకు మోతె మండల కేంద్రంలోనే విద్యారుణ శిబిరం పెట్టాలి. విద్యారుణాల పరపతి హామీ పథకం కింద ఏడున్నర లక్షల దాకా తాకట్టు అక్కర్లేదన్న సంగతి, ఎకరం కుదువ పెట్టడానికి ముందే తండ్రికి తెలియాలి.