ఎక్కడ వేసిన గొంగడి

సూరత్ నగరానికి ఆగ్నేయంగా, అహమ్మదాబాదు నుంచి ముంబయి పోయే జాతీయ రహదారి మీద పల్సానా అనే తాలూకా కేంద్రం ఉన్నది. ఒకప్పుడు చెరకు పొలాలకు పేరుపడిన ఈ ప్రాంతంలో ఇప్పుడు బట్టలకు రంగులు అద్దే మిల్లుల పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడికి తెల్లని పాలియెస్టర్ బట్ట తానులు తానులుగా వస్తుంది. చీరెల బట్టగా రంగులతో బయటికి పోతుంది. చూపరులకు ఇంద్రజాలం వలె తోచే ఈ పని వెనుక ఒక చిక్కు ఉన్నది. పాలియెస్టర్ నీటిని దాదాపు పీల్చుకోదు. అందువల్ల రంగును దాని లోపలికి బలవంతంగా పంపవలసి వస్తుంది. మూతబిగించిన యంత్రాలలో, ఒత్తిడి కింద, నీటిని 130 డిగ్రీల వరకు కాచి బట్టను అందులో తిప్పుతారు. ఆవిరి కోసం ఇంధనం మండాలి. మిగిలిన రంగు నీటిని శుద్ధి చేయాలి. ఇంత శ్రమపడినా ఆ బట్ట ఎన్నటికీ మట్టిలో కలిసిపోదు.

సూరత్ మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అనేకం. వారు విడిచి వెళ్ళిన జిల్లాలలోనే, రంగు అక్కరలేని నూలు ఒకటి గొర్రెల వీపుల మీద పెరుగుతున్నది. అది దక్కని గొర్రె ఉన్ని. పుట్టుకతోనే నలుపు. దానితో నేసినదే గొంగడి.

గొంగడి తెలుగువారి మాటలలో ఎంతగా అల్లుకుపోయిందో చెప్పనక్కరలేదు. పని ముందుకు సాగకపోతే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటారు. గొంగట్లో కూర్చుని అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్లు అని మరొక సామెత. ఒళ్ళంతా నూగున్న పురుగుకు సైతం ఆ పేరే పెట్టారు. ఈ మాటలన్నిటిలోనూ గొంగడి పట్ల కొంత చులకన ఉన్న మాట నిజం. బహుశా నిత్యం భుజం మీద ఉండే వస్తువుకు దక్కే మర్యాద అంతే కాబోలు.

గొంగడి కురుమల వృత్తి. ఏడాదికి రెండుసార్లు గొర్రెల బొచ్చు కత్తిరిస్తారు. ఒక్కొక్క గొర్రె నుంచి ఏడాదికి కిలో ఉన్ని కూడా రాదు. పిల్ల గొర్రె తొలి కత్తిరింపు అన్నిటికంటె మెత్తన. స్త్రీలు ఉన్నిని ఏరి, ఏకి, వడుకుతారు. పురుషులు గుంట మగ్గం మీద నేస్తారు. పడుగుకు పట్టించేది చింతగింజల గంజి. ఈ గంజి వల్లనే కొత్త గొంగడి అట్టవలె బిర్రుగా ఉంటుంది, వాడుతున్నకొద్దీ మెత్తబడుతుంది. వానకాలంలో గొర్రెలకాపరి దానినే తల మీదుగా గూడలా కప్పుకుంటాడు. రాత్రికి అదే పక్క, తెల్లవారితే అదే మూట.

వానలో గొంగడి ఎందుకు పనికివస్తుంది? ఉన్ని పోగు పైపొరకు సహజంగా జిడ్డు ఉంటుంది. పడిన చినుకు చాలావరకు జారిపోతుంది. పోగు లోపలి భాగమో, గాలిలోని తేమను ఆవిరి రూపంలో తన బరువులో మూడోవంతు దాకా పీల్చుకున్నా తడిసినట్లు తోచనీయదు. అలా పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడి పుడుతుంది కూడా. నిప్పురవ్వ పడితే మాడి ఆరిపోతుందే గాని భగ్గున అంటుకోదు. కల్లంలో చలిమంట పక్కన పడుకునే మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

ఇన్ని గుణాలున్న ఉన్నికి ధర లేదు. పానిపట్టు నుంచి వచ్చే నునుపైన, రంగురంగుల కృత్రిమ రగ్గులు సంతలలో చవకగా దొరుకుతున్నాయి. గొర్రె విలువ అంతా మాంసంలోకి మారిపోయింది. పొడవుగా ఎదిగే, ఉన్ని లేని నెల్లూరు జాతి పొట్టేళ్ళను మందలో కలిపితే వాటి సంతతికి బరువు ఎక్కువ, బొచ్చు తక్కువ. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆరంభించిన గొర్రెల పంపిణీ పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా 75 శాతం రాయితీతో గొల్ల కురుమలకు ఇచ్చారు. ఆ పథకం చూపు ప్రధానంగా మాంసం మీదనే. కాపరిని తప్పుపట్టలేము. కత్తిరింపు కూలి కూడా రాని ఉన్నిని అతడు గట్టు పక్కన పారవేయక ఏం చేస్తాడు? అయితే వానలో, చలిలో, బీళ్ళ వెంట మైళ్ళు నడిచి, రైతు చేలో మంద కట్టి ఎరువిచ్చే గొర్రెకు ఆ నల్లని బొచ్చే రక్ష. ఉన్నితోపాటు ఆ ఓర్పు కూడా పోతుందని 1992లో పశువైద్యులైన మహిళలు స్థాపించిన ఆంత్ర సంస్థ మెదక్ ప్రాంతపు కాపరులతో పనిచేస్తూ చెబుతూ వచ్చింది.

ఇక్కడ మన దేశపు ఆలోచనలో ఒక పొరపాటు కనిపిస్తుంది. ముతక ఉన్నిని ఒక లోపంగా భావించి, దానిని మెత్తబరచడమే అభివృద్ధి అనుకున్నారు. విదేశీ మెరినో, రాంబుయే పొట్టేళ్ళతో సంకరం చేయించి రాజస్థాన్‌లోని అవికానగర్ పరిశోధనాలయంలో భారత్ మెరినోను రూపొందించారు. శాస్త్రంగా గొప్ప పనే. కాని దక్కని పోగు 30 మైక్రాన్లకు పైబడిన లావు. మెరినో 20కి అటూ ఇటూ. మెడకు చుట్టుకునే శాలువగా గొంగడి ఏనాటికీ పనికిరాదు, గరగరలాడుతుంది. స్కాట్లండు ద్వీపాలవారు అలాంటి గరుకు ఉన్నినే నమ్ముకున్నారు. హారిస్ ట్వీడ్ అన్న పేరుతో అమ్మే బట్ట ఆ ద్వీపాలలోనే, నేతగాని ఇంటిలోనే, చేతితో నేసినదై ఉండాలని 1993లో బ్రిటిష్ పార్లమెంటు చట్టమే చేసింది. ఆ గరుకుదనాన్నే లోకం సొగసు అన్నది.

గుజరాతులోనే కచ్ఛ్ వైపు చూసినా ఇదే కథ. రబారీ కాపరుల ఉన్నిని భుజోడి నేతగాండ్రు తరతరాలుగా నేసేవారు. మెరినో, ఆక్రిలిక్ నూలు వచ్చి దేశవాళీ ఉన్నిని పక్కకు నెట్టాయి. భుజ్ సమీపంలోని ఖమీర్ సంస్థ దానిని మళ్ళీ మగ్గానికెక్కించే యత్నం చేస్తున్నది.

గొంగడికి తగిన కొత్త పని ఏదన్న ప్రశ్నకు హైదరాబాదులో ఒక జవాబు దొరికింది. ఎర్తెన్ ట్యూన్స్ అనే సంస్థలోని యువ డిజైనర్లు గొంగడి బట్టతో రైతులకు చెప్పులు కాదు, బూట్లు కుట్టారు. బురదలో రబ్బరు బూటు లోపల పాదం ఉడికిపోతుంది, తోలు నానిపోతుంది. ఉన్ని బట్టకు గాలి ఆడుతుంది, నీరు తొందరగా దిగదు. పైగా గరుకు ఇక్కడ లోపం కాదు, మన్నిక. ఈ ఆలోచనలోని తెలివి ఏమంటే, వారు పోగును మార్చలేదు, దానికి తగిన చోటును వెతికారు. సంచులు, చాపలు, బయటి కోట్లు, పరుపు అడుగు పొరలు, అన్నీ ఆ దారిలోనివే.

అయినా బూటు ధర పట్టణంలోని కొనుగోలుదారుకు అందినంత సులభంగా, ఏ రైతును తలచుకుని దానిని కుట్టారో అతనికి అందదు. చేతి వడుకు, చేతి నేత, చేతి కుట్టు కలిస్తే యంత్రపు సరుకుతో పోటీ కష్టం. వడికే స్త్రీలలో వృద్ధులే ఎక్కువ. వారికి రోజు కూలి గిట్టే ధర వస్తేనే కోడళ్ళు కదురు పడతారు. కదురు తిరిగితేనే ఉన్నికి గిరాకీ. ఉన్నికి గిరాకీ ఉంటేనే కాపరి మందలో నల్ల పొట్టేలును ఉంచుకుంటాడు. పొట్టేళ్ళ ఎంపిక జరిగే రోజున అతడు లెక్కవేసుకునేది ఈ ఒక్క సంగతే.