డాల్ఫిన్ల నలుగుస్నానం

కడుపు బాగాలేని కుక్క గడ్డి కొరుకుతుందని పెద్దలు చెబుతూ ఉంటారు. నేలమీది జంతువులకు ఆకో అలమో దొరుకుతుంది, సరే. నీళ్ళలో బతికే జంతువుకు ఒంటిమీద ఏదైనా వస్తే గతేమిటి?

ఈజిప్టులో ఎర్ర సముద్రపు ఒడ్డున హుర్గాడా అనే పట్టణం ఉంది. 2009లో అక్కడ నీళ్ళలోకి దిగి డాల్ఫిన్లను గమనిస్తున్న ఏంజెలా జిల్ట్‌నర్ అనే పరిశోధకురాలికి ఒక వింత కనబడింది. డాల్ఫిన్లు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి, పగడాలకు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి!

అలాగని కనబడిన ప్రతి పగడం దగ్గరా ఆగటం లేదు. కొన్ని రకాలనే ఏరుకుంటున్నాయి. మెత్తని కొమ్మలతో పొదలా పెరిగే పగడమయితే అందులో దూరి ఒళ్ళంతా తగిలేటట్లు జారిపోతాయి. తోలులా బిరుసుగా ఉండేదయితే తలో, పొట్టో, తోకో ఆనించి రుద్దుకుంటాయి. ఏడాది నిండని పిల్లలు మాత్రం ఈ పని చేస్తూ కనబడలేదు. పెద్దవాటిని చూసి నేర్చుకుంటాయి కాబోలు!

పగడం చెట్టు కాదు, చిన్న చిన్న జీవుల గుంపు. ఒరుసుకుంటే జిగురు విడుస్తుంది. డాల్ఫిన్లు కోరుకునే రెండు రకాల పగడాల నుంచీ, ఒక రకం స్పాంజి నుంచీ ముక్కలు తీసి, జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయంలో గెర్ట్రూడ్ మోర్లాక్ బృందం పరీక్షించింది. శరీరంపై పనిచేయగల పదార్థాలు 17 బయటపడ్డాయి. వాటిలో బాక్టీరియాను అరికట్టే గుణం కలవి కూడా ఉన్నాయి. ఈ సంగతిని 2022లో ప్రకటించారు.

అయితే ఇది వైద్యమేనా? జబ్బుచేసిన డాల్ఫిన్ ఇలా రుద్దుకుని నయం చేసుకున్నట్లు ఆ పరిశోధన రుజువు చేయలేదు. కునుకు తీసి లేచాక అవి తరచు ఈ పని చేస్తాయట. కనుక మనం పొద్దున్నే చేసే స్నానం వంటిదే కావచ్చు. కాని నలుగుపిండిలో పసుపు కలిపేది ఒంటికి మంచిదనే కదా! శుభ్రానికీ వైద్యానికీ మధ్య గీత గీయటం మనకే కష్టం.

ఒక చిక్కుంది. డాల్ఫిన్లు విశ్రమించేది ఆ పగడపు దిబ్బల దగ్గరే. వాటితో ఈదాలని సరదాపడి యాత్రికులు పడవల్లో వచ్చి నీళ్ళలోకి దూకితే వాటి నిద్రా చెడుతుంది, స్నానమూ చెడుతుంది. సముద్రం మరీ వేడెక్కితే పగడాలు తెల్లబడి చచ్చిపోతాయి. అది మందో, నలుగో శాస్త్రజ్ఞులు తేల్చేటప్పటికి డాల్ఫిన్లకు ఆ పగడాలు మిగిలి ఉండాలి కదా!